నక్క ఎదురొచ్చిన ఆదివారం

26 జనవరి 1964, ఆదివారం

ఇవాళ ఒక్కసారి కూడా కింద పడలేదు. ఇది రాసుకోవలసిన సంగతే.

క్రిస్మస్ ముందు ఆయన మహమూద్ సైకిలు షాపు నుంచి పాత లేడీస్ సైకిలు తెచ్చి క్వార్టరు ముందు నిలబెట్టినప్పుడు ఈయనకు మతిపోయిందనుకున్నాను. మూడో తరగతి పంతులమ్మ సైకిలెక్కితే పిల్లలు ఎక్కాలు మానేసి నన్ను చూస్తారు. ఆనకట్ట కూలీలు తట్టలు దించి నన్ను చూస్తారు. "చూడని చోట నేర్పిస్తాలేవే" అన్నారు ఆయన. చూడని చోటంటే కాలనీ చివర మొదలయ్యే రిజర్వు ఫారెస్టు. జీపుల కోసం వేసిన మట్టిబాట ఒకటి కృష్ణ ఒడ్డు వెంబడే పోతుంది. ఆదివారం చర్చిలో పూజ కాగానే సైకిళ్ళు నడిపించుకుంటూ చెక్‌పోస్టు దాకా పోతాం. గార్డు పీర్ సాహెబ్ గొలుసు కిందికి దించి, నన్ను చూడనట్టు అటు తిరిగి నిలబడతాడు. పెద్దమనిషి.

గొలుసు దాటాక చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి ఎక్కేస్తాను. ఆ తర్వాత అడిగేవాళ్ళు లేరు. కుడిపక్కన నది, ఎడమపక్కన రేగు పొదలు, అప్పుడప్పుడు నెమళ్ళు. పల్లం వచ్చినప్పుడు పెడల్ తొక్కడం మానేసి కాళ్ళు ముందుకు చాపుతాను. ఇరవై ఆరేళ్ళ మనిషిని, చిన్నపిల్లలా అరుస్తాను. ఆయన వెనక నుంచి "బ్రేకే, బ్రేకే!" అని నాకంటే గట్టిగా అరుస్తారు.

ఇంత సంతోషం పాపమేమో అనిపిస్తుంది. ఫాదర్ ముందు పాపసంకీర్తనంలో చెప్పాలంటే ఏమని చెప్పాలి?

2 ఫిబ్రవరి, ఆదివారం

మోదుగులు పూశాయి. అడవంతా ఎర్రగా ఉంది.

వాగు మలుపు దగ్గర ఒక నక్క ఎదురొచ్చింది. ఆయన పంట్లాం పిక్క దగ్గర చిరిగింది. లోపల చిన్న గీత, రెండు చుక్కల రక్తం. నేను సైకిలు మీద నుంచి పడ్డాను. చైను గీరుకుని మడమ పైన తెగింది. వాగులో కాళ్ళు కడుక్కుని వచ్చేశాం.

అంతే. రేపు పిల్లలకు ఏడో ఎక్కం.

3 ఫిబ్రవరి, సోమవారం

పక్క క్వార్టరు బుల్లెమ్మగారు పొద్దున్నే గోడ మీద నుంచి తల పెట్టారు.

"నక్క మొగం సూడటమే అదృష్టం అంటారు. అదే నడిచొచ్చి పంట్లాం పట్టుకుందంటే ఇంకేం చెప్పాలి తమ్ముడూ! నక్క తోక తొక్కావు పో!"

ఆయనకు ఇంకేం కావాలి? సాయంత్రానికి కాలనీలో సగం మందికి కథ తెలిసిపోయింది. ఇంటింటికీ నక్క ఒక జానెడు పెరుగుతోంది. ఆయన చెప్పే కథలో నేను లేను. నేను ఎక్కడో వెనక నడిచి వస్తున్నానట. మంచిదే. పంతులమ్మ సైకిలు సంగతి బయటపడలేదు.

5 ఫిబ్రవరి, బుధవారం

పర్మినెంటు ఆర్డరు వచ్చింది!

నాలుగేళ్ళుగా వర్కుచార్జి గుమాస్తా. ఏ నెల పొమ్మంటారో తెలియని ఉద్యోగం. ఇప్పుడు నకరికల్లు కాలవ సెక్షన్ ఆఫీసులో ఖాయం. ఈ నెల ఇరవైన చేరాలి. ఆయన ఆర్డరు కాగితం సిలువ కింద పెట్టి మోకరించారు. లేచి, చిరిగిన పంట్లాన్ని కళ్ళకద్దుకున్నారు. నవ్వలేక చచ్చాను.

"కుట్టబాకే దాన్ని. అట్టాగే దాచు" అన్నారు.

6 ఫిబ్రవరి, గురువారం

మడమ దగ్గర పక్కు కట్టింది. చైను బాగా తుప్పు పట్టి ఉండాలి.

8 ఫిబ్రవరి, శనివారం

పీర్ సాహెబ్ ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"రేపు రాబాకండి టీచరమ్మా. ఆ నక్క పిచ్చిదంట."

"ఏ నక్క?" అన్నాను. ఎందుకలా అన్నానో. ఆ అడవిలో మేం చూసింది ఒక్కటే.

"సోమారం పట్టపగలు ఏటి కింద గుడిసెల్లోకి వచ్చింది. మనిషిని చూస్తే నక్క పారిపోవాలి గదా? పోలా. ఇసిరిన కర్రని కొరికింది. రాయిని కొరికింది. నోట్నిండా నురగ. ఒక గేదెదూడ ముట్టె పట్టుకుని వదల్లా. కొట్టి చంపారు. మీ ఆయన్ని ముట్టుకుందంట గదా?"

"పంట్లాం చిరిగింది, అంతే."

"మీకు?"

"నాకేం కాలేదు. పడ్డాను. చైను."

అతను నా కాలి వంక చూడలేదు. పెద్దమనిషి అని ఇంతకుముందే రాశాను. ఇవాళ చూసి ఉంటే బాగుండేదని ఒక్క నిమిషం అనిపించింది. ఎందుకో తెలియదు.

ఆయనకు చెప్పాను. ముందు ముఖం పాలిపోయింది. తర్వాత గట్టిగా నవ్వారు. అంత నవ్వొచ్చే మాట కాదు.

"పిచ్చి నక్కయితే ఆర్డరెట్టా వచ్చిందే?"



9 ఫిబ్రవరి, ఆదివారం

పూజలో ఒక్క ముక్క చెవికెక్కలేదు. మా ఊళ్ళో మా చిన్నప్పుడు కుక్క కరిచిన దానయ్య తాతను గాదె గదిలో పెట్టి తలుపు వేశారు. నీళ్ళు, నీళ్ళు అని అరిచేవాడు. ముంత లోపలికి జరిపితే నీళ్ళ చప్పుడుకే కొయ్యబారిపోయేవాడు. అమ్మ నా చెవులు మూసేది. అయినా వినపడేది.

అన్నం తినేటప్పుడు ఆయన నీళ్ళు తాగుతుంటే గొంతు వంక చూశాను. గుటక పడింది. మళ్ళీ పడింది. నేను చూస్తున్నానని తెలిసి గ్లాసు కింద పెట్టేశారు.

10 ఫిబ్రవరి, సోమవారం

బడి నుంచి వస్తూ మహమూద్ షాపులో ఆగాను. చైను సరిచెయ్యమని అడిగాను.

"సరిచేసేదేముంది టీచరమ్మా? చైనుకి నిండా కవరుంది. కాలెట్టా గీరుకుద్ది?"

"కవరు వదులైందేమో."

మహమూద్ వంగి కవరు ఊపి చూశాడు. కదల్లేదు. అబ్బాయి మరీ తెలివి చూపిస్తున్నాడు. సరే, చైను కాకపోతే పెడల్. పెడల్‌కి ఇనుప పళ్ళుంటాయి.

వాళ్ళమ్మ చాంద్ బీ నన్ను లోపలికి పిలిచి టీ ఇచ్చింది. ఆయన సంగతి చెప్పి ఏం చెయ్యాలని అడిగాను. ఆమె గొంతు తగ్గించింది.

"ఏడు బావుల్లో తొంగి చూడాలమ్మా. నీళ్ళల్లో తన మొగం కనపడితే ఏం ఫరవాలా. కరిచిన జంతువు కనపడిందా, ఇసం లోపలికి పోయినట్టే."

ఇంటికొచ్చి ఆయనకు చెబితే పడీ పడీ నవ్వారు. "కాలనీలో ఉన్నయ్యన్నీ కొళాయిలు. ఏడు కొళాయిల్లో తొంగి చూడమంటావా?"

11 ఫిబ్రవరి, మంగళవారం

బడికి సెలవు పెట్టి, కాలనీ రాకముందు నుంచీ ఉన్న పాత ఊరి వైపు వెళ్ళాను. బావులు అక్కడే ఉన్నాయి. ఆయన రారు కదా, ఆయన బదులు నేను చూస్తే తప్పేముంది? కట్టుకున్నదాన్ని.

మొదటి బావిలో నా ముఖం. రెండోదాంట్లో నా ముఖం. మూడోదాంట్లో ఒకావిడ నీళ్ళు తోడుతోంది, అలలు ఆగేదాకా నిలబడ్డాను. "ఏం పడిందమ్మా?" అని అడిగింది. ఉంగరం అన్నాను. పాపం, పాతాళగరిగె తెస్తానంది. నాలుగు, ఐదు కూడా నా ముఖమే. ఆరోది ఎండిపోయింది. ఏడోది లోతు. అడుగున నలుపు తప్ప ఏమీ లేదు. ఎంతసేపు చూసినా నా ముఖం కనపడలేదు. చెవులున్నట్టుగా ఏదో కదిలింది.

కప్ప అయి ఉంటుంది.

పంతులమ్మను. పిల్లలకు ఆరోగ్య పాఠం చెప్పేదాన్ని. బావుల్లో తొంగి చూసి వచ్చాను. అదీ ఆయన కోసం చూసి, నేనెందుకు ఇలా వణుకుతున్నాను?

12 ఫిబ్రవరి, విభూది బుధవారం

ఫాదర్ నుదుటి మీద బూడిద రాశారు. మంటివి, మంటిలో కలుస్తావు. ఏటా వినేదే. ఇవాళ ఇంటికొస్తూ దారిలోనే తుడిచేసుకున్నాను.

14 ఫిబ్రవరి, శుక్రవారం

పోట్లాట. పట్నం ఆసుపత్రికి పోదామన్నాను. పొట్టలో రోజుకొకటి చొప్పున సూదులు వేస్తారని, అందుకు అక్కడే ఉండాలని ఆయనకూ తెలుసు.

"ఇరవయ్యో తారీకున చేరకపోతే ఆర్డరు పోద్ది. నాలుగేళ్ళు ఎదురుచూశానే! మీ బడోళ్ళ మాదిరి సెలవు చీటీ రాసిస్తే అయ్యే పని కాదు."

"ప్రాణం పోతే ఆర్డరు ఏం చేసుకుంటారు?"

"ఎవరి ప్రాణం? నాకేమైంది? చూడు!" అని కుండలో గ్లాసు ముంచి గటగటా తాగారు. మళ్ళీ ముంచి తాగారు. చొక్కా అంతా తడుపుకున్నారు. "చూశావా? అదృష్టం ఇంటికొస్తే పిచ్చిదంటావేందే నువ్వు?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది. కోపమనుకున్నాను.

16 ఫిబ్రవరి, ఆదివారం

పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే ఆయన వచ్చి నిలబడ్డారు. "మానిందా?" అన్నారు. చైను గీరిందేగా, ఎప్పుడో మానిందన్నాను. "చానా మంచిది" అని లోపలికి పోయారు. మళ్ళీ వచ్చి, తాగుతావా అని మజ్జిగ గ్లాసు ఇచ్చారు. ఆయన నాకు మజ్జిగ ఇవ్వడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. తాగేదాకా అక్కడే నిలబడ్డారు.

18 ఫిబ్రవరి, మంగళవారం

దూడ చచ్చిపోయింది.

పీర్ సాహెబ్ బడి దగ్గరకే వచ్చాడు. పిల్లల్ని బయటికి పంపాను. రెండు రోజులు ఊరంతా వినపడేలా అరిచిందట. గొంతు పోయినా అరుస్తూనే ఉందట. కుడితి తొట్టి దగ్గరకు లాక్కెళితే మూతి పెట్టబోయి వెనక్కి విరుచుకు పడిందట. "అల్లా మీద ఒట్టు టీచరమ్మా, ఆయన్ని తీసుకుపో. ఉజ్జోగం కాదు, ఇల్లు కాలిపోతున్నా ఆగబాక."

ఎలా తీసుకెళ్ళాలి? బతిమాలాను, పోట్లాడాను, ఏడ్చాను. తన కోసమంటే ఆయన కదలరు.

నా కోసమంటే కదులుతారు. నన్నూ కరిచిందని అబద్ధం చెబుతాను. మడమ మీద మచ్చ ఎలాగూ ఉంది. దేవుడు ఈ అబద్ధాన్ని క్షమిస్తాడు.

19 ఫిబ్రవరి, బుధవారం

చెప్పాను.

ఆయన గడ్డం గీసుకుంటున్నారు. "ఏమండీ, ఆ రోజు నక్క నన్నూ కరిచింది. భయపడి చెప్పలేదు" అన్నాను. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు దాచావని అడుగుతారని రాత్రంతా జవాబులు తయారు చేసుకున్నాను. ఏమీ అడగలేదు. నా కాలి వంకైనా చూడలేదు. సగం గడ్డం సబ్బుతోనే తుడిచేసుకుని, చొక్కా వేసుకున్నారు.

"బయల్దేరు."

"మరి రేపు చేరాలి కదా?"

"బయల్దేరవే!"

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నా చెయ్యి నలిగిపోయేటట్టు పట్టుకున్నారు. నా అబద్ధం ఇంత బాగా పారినందుకు సంతోషించాలి. ఒక్క ప్రశ్నైనా ఎందుకు అడగలేదో అర్థం కావడం లేదు.

20 ఫిబ్రవరి, గురువారం

నిన్న వచ్చేసరికి పొద్దుపోయింది. ఇవాళ పొద్దున్నే ఆసుపత్రికి పోయాం. వరండా నిండా జనం. క్రోసూరు వైపు ఒక ఊళ్ళో ఒకే కుక్క బండెడు మందిని కరిచింది, ఎక్కువ మంది పిల్లలే. వాళ్ళకు వేశాక మా వంతు వచ్చింది. డాక్టరు అమరేశ్వరరావుగారు పెట్టెలోకి చూసి తల గోక్కున్నారు.

"ఇంత మంది ఒక్కసారే వస్తారనుకోలేదు. ఇంకొక్కరికే మందుంది. రేపు రైలుకి పెట్టె వస్తుంది. మీ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ కరిచింది?"

"ఆయనకే" అన్నాను. గబగబా చెప్పేశాను. "నాది నక్క కాదండీ. ఆయన్ని తీసుకురావడానికి అబద్ధం చెప్పాను. నాది సైకిలు చైను."

"చైను గాదు సార్" అన్నారు ఆయన.

"చైనేనండీ."

"ముందు దాన్నే కరిచింది సార్. నేను చూశా. నక్క దీని కాలు నోట కరుచుకుని గుంజతా ఉంటే మధ్యలో నా కాలు పెట్టా. నన్ను ఊరికే గీరింది. పూర్తిగా పట్టింది దాన్నే. ముందు దానికెయ్యండి."

డాక్టరుగారు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి మడమ వెలుతురులోకి తిప్పారు. రెండు వేళ్ళతో అటూ ఇటూ నొక్కారు.

"ఇవి పళ్ళమ్మా. అటు రెండు, ఇటు రెండు. చైను ఇలా కరవదు. పదిహేను రోజులు దాటింది, ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

ఏం చేశాం? నేను బావుల్లో తొంగి చూశాను. ఆయన పంట్లాం దాచుకున్నారు.

సూది పొట్టలో దిగింది. నొప్పి తెలియలేదు.

బయట బెంచీ మీద కూర్చున్నాక, తెలిసి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు చైనన్నావు. నిజంగా చైనేమో, నా కళ్ళే తప్పు చూశాయేమో అనుకున్నా. అట్టా అనుకుంటే అన్నం సహించేది. అందరూ అదృష్టం అన్నారు. ఆర్డరు కూడా వచ్చె. అది పిచ్చిదని నేను ఒప్పుకుంటే నువ్వు చచ్చిపోతావు గదే. అందుకని ఒప్పుకోలా."

"నేను మీ గుటకలు చూస్తున్నాను ఇన్నాళ్ళూ."

"నేను నీయి చూశా" అన్నారు. ముఖం కండువాలో దాచుకుని ఏడ్చారు. మగవాడు బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే పిల్లలందరూ చూశారు.

ఇక్కడ రాస్తాను. రెండో తారీకున రాయలేదు. పల్లంలో పెడల్ వదిలేసి కాళ్ళు చాపి వస్తున్నాను. నక్క బాట మధ్యలో నిలబడి ఉంది. బెల్లు కొట్టినా తొలగలేదు. తల పక్కకు వాల్చి, నన్ను చూడనట్టే నా వైపు నడిచొచ్చింది. పడ్డాను. మడమ దాని నోట్లో ఉంది. వేడిగా ఉంది. దాని కళ్ళు చూశాను. ఆ కళ్ళు చూసినప్పుడే నాకు తెలుసు. వాగులో కాళ్ళు కడుక్కుంటూ "చైను గీరింది" అన్నాను. ఆయన అవునన్నారు. అంతటితో ఇద్దరం దాన్ని అక్కడే వదిలేశాం అనుకున్నాం.

21 ఫిబ్రవరి, శుక్రవారం

రైలుకి పెట్టె వచ్చింది. ఆయనకు వేశారు. సూది చూడగానే పెట్టిన కేకకు వరండాలో పిల్లలు ఏడుపు మానేసి నవ్వారు. నిన్నటితో చేరే తారీకు పోయింది. తంతి ఇద్దామంటే, తర్వాత చూద్దామన్నారు.

డాక్టరుగారిని అడిగాను, ఇంత ఆలస్యంగా వేస్తే పని చేస్తుందా అని. ఆయన మంచివారు, అబద్ధం చెప్పలేదు. "చేసే అవకాశమే ఎక్కువ. కరిచిన చోట తిమ్మిరి గానీ మంట గానీ వస్తే మాత్రం వెంటనే చెప్పాలి. దాచకూడదు" అన్నారు. చివరి మాట మా ఇద్దరినీ చూసి అన్నారు.

25 ఫిబ్రవరి, మంగళవారం

కన్యస్త్రీల మఠం వాళ్ళు వెనకవైపు గది ఇచ్చారు. సూదులకు పొట్ట గట్టిపడి బల్లలా అయింది. ఇద్దరం చెరో గోడకు ఆనుకుని ముసలివాళ్ళలా మూలుగుతున్నాం. "సైకిలు ఇంకొకరికి ఇచ్చేద్దామా?" అని ఆయన అడిగారు. వద్దన్నాను. బతికితే తొక్కుతాను.



29 ఫిబ్రవరి, శనివారం

ఆయన పిక్క మీది గీత మాని తెల్లబడింది. ఇవాళ ఏమీ లేదు.

3 మార్చి, మంగళవారం

పొద్దున్న లేవగానే కుడి పాదం తిమ్మిరిగా ఉంది. మడత పెట్టుకుని పడుకున్నానేమో అనుకున్నాను. లేచి గదిలో నడిచాను. పాదం తేరుకుంది. మడమ పైన ఆ చోటు మాత్రం తేరుకోలేదు. లోపల చీమలు పాకుతున్నట్టుగా ఉంది. చన్నీళ్ళు పోసుకున్నాను. తగ్గలేదు.

చాప అంచు గుచ్చుకుందని రాశాను. వెంటనే కొట్టేశాను. కొట్టేసిన గీత కింద కనపడుతూనే ఉంది.

ఆయన్ని లేపాను. "ఏమండీ, నక్క కరిచిన చోట తిమ్మిరిగా ఉంది" అన్నాను. నక్క కరిచిందని ఆయన ముందు నోరు తెరిచి నిజంగా అనడం ఇదే మొదలు. ఆయన కాసేపు నా ముఖం చూశారు. "పడుకున్న తీరుకి అయ్యుంటదిలే" అంటారని ఎదురుచూశాను. అంటే నమ్మేదాన్ని. ఆయన అనలేదు. చెప్పులు వేసుకోకుండానే డాక్టరుగారి కోసం పరుగెత్తారు.

గేటు చప్పుడైంది. నేను ఇక్కడ కూర్చుని ఉన్నాను. భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.